కుడివైపు చక్రాలు

గాయత్రి ట్యాంకుని ఒక పక్కకి ఒరిగించి, కింద పాత దుప్పటి మడతపెట్టి, కుడివైపు ఆఖరి చక్రానికి టంకం పెడుతుండగా దైవాధీనం గుమ్మం దగ్గర చెప్పులు విప్పాడు.

"రండి బాబాయి గారూ, కూర్చోండి," అంది తల ఎత్తకుండానే. చేతిలో గ్యాస్ మంట సన్నగా, నీలంగా బుస్సుమంటోంది. టంకం కరిగి అతుకులోకి పాకేదాకా ఆమె ఊపిరి కూడా బిగబట్టి ఉంటుందని ఆయనకి తెలుసు. మాట్లాడకుండా స్టూలు మీద కూర్చున్నాడు.

బందరు చిలకలపూడిలో ఆ వీధంతా రోల్డ్ గోల్డ్ పనే. గాయత్రి జుంకాలూ దిద్దులూ అతుకుతుంది. మొగుడు కొండలరావు అచ్చులు కోస్తాడు. గుడివాడలో మాజీ సైనికుల సంఘం వాళ్లకి తమ హాల్లో పెట్టుకోవడానికి టి-72 ట్యాంకు మోడల్ కావలసి వచ్చినప్పుడు, ఇత్తడి రేకు మీద అంత సన్నపని చేసేవాళ్లు బందరులో కాక ఇంకెక్కడ ఉంటారని వీళ్లకి అప్పజెప్పారు. అసలు ట్యాంకులో ఆరో వంతు. ఫిరంగి గొట్టంతో కలిపి ఐదడుగుల పైచిలుకు. కొలతలు చెప్పే పని దైవాధీనానికి పడింది. సంఘంలో ఫిరంగి పేల్చినవాళ్లున్నారు, వైర్‌లెస్‌లో అరిచినవాళ్లున్నారు, ఆఫీసులో కాగితాలు దులిపి రిటైరై ఇప్పుడు యుద్ధం కబుర్లు చెప్పేవాళ్లు అందరికన్నా ఎక్కువమంది ఉన్నారు. ట్యాంకు తోలినవాడూ, దాని కిందకి దూరి రిపేరు చేసినవాడూ మాత్రం సైన్యంలో దఫేదార్‌గా చేసిన దైవాధీనం ఒక్కడే.

గాయత్రి మంట ఆర్పింది. ఆమే కొండలరావూ చెరోవైపు పట్టి ట్యాంకుని నిలబెట్టారు. చైన్లు ఇంకా తొడగలేదు. ఒక్కో పక్కకి తొంభై ఏడేసి ఇత్తడి ముక్కలు, గొలుసు అల్లినట్టే అల్లి, పక్కన పళ్లెంలో చుట్టలు చుట్టి పెట్టారు. దైవాధీనం మోకాళ్ల మీద చేతులు ఆనించి వంగాడు. ఒక కన్ను మూసి, ఎడమ పక్క నుంచి ట్యాంకు పొట్ట కిందకి చూశాడు.

ఎడమ చక్రాల వెనక కుడి చక్రాలు ఒక్కటి కూడా కనపడలేదు. ఆరింటి వెనకా ఆరూ సరిగ్గా దాక్కుని ఉన్నాయి.

అలా ఉండకూడదు. కుడివైపు చక్రాలన్నీ అర అంగుళం వెనక్కి ఉండాలి. ఇక్కడి నుంచి చూస్తే ఒక్కో చక్రం పక్కన వెనక చక్రం అంచు కనపడాలి. కనపడాలి కదా? కనపడేది కదా?

రెండేళ్ల కిందటైతే ఈపాటికి వీధి చివరిదాకా వినపడేలా అరిచేవాడు. ఇప్పుడు మెల్లగా లేచి, జేబులోంచి రుమాలు తీసి, చెమట లేని మొహం తుడుచుకున్నాడు.

"గాయత్రమ్మా, నేనిచ్చిన కాగితంలో చక్రాలు ఇలాగే ఉన్నాయా?"

పట్టకారు కింద పెడుతున్న గాయత్రి చెయ్యి ఒక్క క్షణం ఆగింది. మొగుడి వైపు చూసింది. కొండలరావు ఫిరంగి గొట్టాన్ని గుడ్డతో తుడవడం మొదలుపెట్టాడు, అది అప్పటికే తళతళలాడుతున్నా.

"ఇలాగేనండీ," అంది.

"రెండు పక్కలా ఒకే వరసలోనా?"

"మీరెలా ఇచ్చారో అలాగేనండీ. భలే కుదిరాయి కదండీ, జత జుంకాల్లా ఉన్నాయి."

"కుదిరాయమ్మా," అన్నాడు దైవాధీనం.

శనివారం పొద్దున సంఘం తరఫున రిసాల్దార్ సత్యానందం గుడివాడ నుంచి వచ్చి మోడల్ చూస్తాడు. అదొక్కటే అయితే ఆయన ఇంత భయపడేవాడు కాదు. దాని మీద కూతురు జెనిఫర్‌తో పందెం వేసి కూర్చున్నాడు. కిందటి నెల బందరు నుంచి వస్తూ, అవనిగడ్డ అనుకుని చల్లపల్లిలో దిగి, తమ ఇంటి సందు కోసం గంటసేపు బస్టాండు చుట్టూ తిరిగాడు. ఆ రోజు నుంచి జెనిఫర్ విజయవాడ వెళ్లి డాక్టరుకి చూపిద్దామంటోంది. ఏ డాక్టరో ఆమె చెప్పలేదు, ఆయన అడగలేదు. "ట్యాంకు మొత్తం నా బుర్రలోంచి కాగితం మీదకి దింపుతున్నానే. సత్యానందం వచ్చి ఒక్క తప్పు పట్టాడా, నోరెత్తకుండా నీ వెంట వస్తాను. పట్టలేదా, డాక్టరు అన్న మాట మళ్లీ నా దగ్గర ఎత్తకూడదు," అని ఆమె చేత చేతిలో చెయ్యి వేయించుకున్నాడు.

తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు దొరికినా ఆయన బయటికి చూడలేదు. చల్లపల్లిలో బస్సు ఆగినప్పుడు ఇది ఏ ఊరని కండక్టర్ని రెండుసార్లు అడిగాడు.

*

గురువారం పొద్దున జెనిఫర్ తను పాఠాలు చెప్పే స్కూలుకి తయారవుతూ ఆయన పళ్లెం వైపు చూసింది. రెండు ఇడ్లీలూ అలాగే ఉన్నాయి.

"నాన్నా, ట్యాబ్లెట్ వేసుకున్నావా?"

"వేసుకున్నాను."

ఆమె టీవీ మీద ఉన్న మందుల షీటు తీసి చూసింది. చూసి, ఒక బిళ్ల ఊడదీసి ఇడ్లీ పక్కన పెట్టింది. గ్లాసుతో నీళ్లు పెట్టింది. "వేసుకోలేదు నాన్నా" అని ఒక్క మాట అంటే ఆయనకి ఇంత కష్టంగా ఉండేది కాదు.

ఈమధ్య ఆయనకి ఎవరూ ఎదురు చెప్పడం లేదు. వేసవిలో ఒక ఆదివారం చర్చిలో వాక్యం చదవమంటే, అంతకు ముందు వారం చదివిన భాగమే మళ్లీ చదివాడు. ఒక్కరూ దగ్గలేదు. చివర అందరూ ఆమెన్ అన్నారు. తర్వాతి వారం నుంచి పాస్టరుగారు, మీ కళ్లకి శ్రమ ఎందుకండీ అంటూ ఇంకొకరి చేత చదివిస్తున్నారు. ఆయన కళ్లు నిక్షేపంగా ఉన్నాయి. ఏం జరిగిందో ఇంటికొచ్చి బైబిల్లో ఏ పేజీ దగ్గర రిబ్బను పెట్టాడో చూసుకున్నాక ఆయనకే తెలిసింది.

జెనిఫర్ వెళ్లాక కుర్చీలో కూర్చుని కళ్లు మూసుకున్నాడు. రాజస్థాన్ ఇసుకలో ట్యాంకు కిందకి దూరినప్పటి వేడి గుర్తుంది. గ్రీజు వాసన గుర్తుంది. పక్కన సుత్తి పట్టుకున్నవాడి బూతులు కూడా మాట మాట గుర్తున్నాయి. చక్రాలు ఏ వరసలో ఉండేవో మాత్రం కళ్ల ముందుకి రాలేదు. ఎంత గట్టిగా తలుచుకున్నా గాయత్రి ఇంట్లో చూసిన చక్రాలే వచ్చి నిలబడుతున్నాయి. ఆయనకి భయమేసింది. శత్రువు ఎక్కడున్నాడో తెలియనప్పుడు కూడా ఇంత భయం వేయలేదు.

కాసేపటికి లేచి, మంచం కింద ఉన్న చెప్పుల డబ్బా లాగాడు. పెరట్లో కొబ్బరి చీపురు నుంచి నాలుగు పుల్లలు విరిచి తెచ్చాడు.

ట్యాంకు అడుగున ఈ గోడ నుంచి ఆ గోడదాకా అడ్డంగా ఉక్కు కడ్డీలు పడుకుని ఉంటాయి. ఒక్కో చక్రానికి ఒక కడ్డీ. చక్రం గుంటలో పడితే కడ్డీ మెలితిరిగి ఆ దెబ్బ తాను తీసుకుంటుంది. విరిగినప్పుడల్లా వాటిని లాగి కొత్తవి తొడగడం ఆయన పనే. డబ్బా ఎడమ గోడకి కన్నం పొడిచి ఒక పుల్ల గుచ్చాడు. అది వెళ్లి కుడి గోడకి ఆనింది. ఇప్పుడు కుడి చక్రానికి పుల్ల కావాలి. మొదటి పుల్లకి సరిగ్గా ఎదురుగా కుడి గోడకి కన్నం పొడిచి గుచ్చితే, లోపలికి పోలేదు. మొదటి పుల్ల అక్కడ అడ్డంగా ఉంది మరి. పక్కకి జరిపి పొడిచాడు. హాయిగా దూరింది.

ఒకే చోట రెండు కడ్డీలు పడుకోలేవు. కాబట్టి ఎడమ చక్రమూ కుడి చక్రమూ ఒకే వరసలో ఉండలేవు. ఇది జ్ఞాపకం కాదు, లెక్క. జ్ఞాపకం మోసం చేయవచ్చు గానీ చీపురుపుల్ల చెయ్యదు. ఒక్కడే కూర్చుని పైకే నవ్వాడు. చల్లారిన ఇడ్లీలు రెండూ తిన్నాడు.

చెయ్యి కడుక్కుంటుండగా ఇంకో ఆలోచన వచ్చి నవ్వు ఆగిపోయింది. చక్రాలు అర అంగుళం తేడాతో ఉండాలి, సరే. మరి కాగితంలో ఒకే వరసలో వేసింది ఎవరు? ఆయనే ఇచ్చాడని గాయత్రి చెప్పింది. ఆమెకి అబద్ధమాడాల్సిన పనేముంది? అంటే పెన్సిల్ పట్టుకుని కాగితం ముందు కూర్చున్ననాడే తన బుర్ర చల్లపల్లిలో దిగిపోయిందన్నమాట. ఆ కాగితం చూస్తే గానీ ఊపిరాడేలా లేదు.

*

శుక్రవారం బందరు వెళ్తానంటే జెనిఫర్ వద్దనలేదు. చల్లపల్లిలో ఒకసారి, బందరులో ఒకసారి ఫోన్ చెయ్యమంది. చెప్పుల డబ్బా సంచిలో పెట్టుకుని ఎందుకు వెళ్తున్నాడో కూడా అడగలేదు. ఆయన రెండుచోట్లా ఫోన్ చేశాడు.

ఆయన వెళ్లేసరికి గాయత్రి ట్యాంకు వెనక తగిలించే ఇనప తాడు కోసం సన్నటి ఇత్తడి తీగలు మూడు పేనుతోంది. ఒక కొస మేకుకి కట్టి, రెండో కొస వేళ్ల మధ్య తిప్పుతుంటే తాడు గొలుసులా మెలి పడుతోంది. ఇంకోరోజైతే ఆయన ముచ్చటపడి అక్కడే కూర్చునేవాడు.

"నా కాగితాలు ఒకసారి ఇవ్వమ్మా."

"ఎక్కడో పెట్టానండీ. వెతకాలి."

"వెతుకు. నేను కూర్చుంటాను."

"రేపు చూద్దురు గాని లెండి బాబాయి గారూ. మంచినీళ్లు తాగుతారా?"

దైవాధీనం సంచిలోంచి డబ్బా తీసి ఆమె ముందు పెట్టాడు. పుల్ల ఎక్కడి నుంచి ఎక్కడికి పోతుందో, రెండోది ఎందుకు పోలేదో చూపించాడు. సగం చెప్పేసరికే గాయత్రి చేతిలో తీగ వదిలేసింది. సన్నపని చేసే మనిషికి ఏది దేనికి అడ్డమొస్తుందో ఎక్కువ చెప్పనక్కర్లేదు. డబ్బా చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది.

"అయ్యో," అంది. లోపలికి వెళ్లి ఒక కాగితం తెచ్చింది.

ఆయన దాన్ని వెలుగులోకి పట్టుకున్నాడు. ఆయన దస్తూరీయే. ఎడమ పక్క ఆరు చక్రాలు, కుడి పక్క ఆరు చక్రాలు, కింద గుండ్రటి అక్షరాలతో "కుడివైపువన్నీ అర అంగుళం వెనక్కి" అని ఉంది. ఆ మాటల మీద ఎర్ర పెన్సిల్‌తో ఒక గీత. ఆయన ఎర్ర పెన్సిల్ ఎప్పుడూ వాడలేదు.

కళ్లలో నీళ్లు తిరిగాయి. వెంటనే ఒళ్లు మండింది.

"ఎవరు కొట్టేశారిది?" గది అదిరింది. పక్కింట్లో అచ్చుల మీద సుత్తి చప్పుడు ఆగిపోయింది.

"పొరపాటైందండీ..." అని కొండలరావు అందుకోబోయాడు.

"నేనేనండీ," అంది గాయత్రి. "మా పనిలో జత అంటే జతేనండీ. ఒక జుంకా వెంట్రుకవాసి కిందకి దిగినా సరుకు తిప్పి పంపించేస్తారు. మీరు తొందరలో తప్పు వేశారనుకున్నాను."

"అనుకుంటే అడగొద్దా? ఫోన్ లేదా నీ దగ్గర? సరే, అప్పుడు అడగలేదు. మొన్న నేనే అడిగాను కదా, మొహం మీదే అడిగాను కదా, కాగితంలో ఇలాగే ఉందా అని! ఈ రెండు రోజులూ నేనెలా ఉన్నానో తెలుసా నీకు? నాకు పిచ్చెక్కిందనుకున్నాను!"

"మీరు బాధపడతారని చెప్పలేదండీ."

"ఒక తప్పు చెబితే బాధపడతానా? పసిపిల్లాణ్నా?"

"ఒకటైతే చెప్పేదాన్నేనండీ."

అనేసి ఆమె నాలుక కరుచుకుంది. కొండలరావు తల దించుకున్నాడు. దైవాధీనం చేతిలో కాగితం వైపు చూశాడు.

"ఇంకేం దిద్దావమ్మా?" అన్నాడు, ఈసారి అరవకుండా.

"ఇప్పుడవన్నీ ఎందుకు లెండి."

"తీసుకురా."

ప్లాస్టిక్ కవరు తెచ్చి ఆయన ఒళ్లో పెట్టింది. ఆయన ఒక్కో కాగితమే బయటికి తీశాడు. ఒకదానిలో చైనుకి తొంభై ఏడు ముక్కలని ఉండాల్సిన చోట డెబ్బై తొమ్మిది అని ఉంది. ఇంకోదానిలో ఎడమ పక్క ఐదు చక్రాలే ఉన్నాయి. డ్రైవరు కూర్చునే చోటు, తన సొంత చోటు, నడిమధ్యలో ఉండాల్సింది ఒక మూలకి వేసి ఉంది. వెనక డీజిల్ డ్రమ్ముల బొమ్మ మూడుసార్లు ఉంది, మూడు కాగితాల మీద, మూడు వేరు వేరు తేదీలతో.

"ఇవి మూడుసార్లు నేనే ఇచ్చానా?"

"అవునండీ. ప్రతిసారీ, మొన్న ఇవ్వడం మర్చిపోయానమ్మా అంటూ ఇచ్చారు. నేను ఫోన్లో ఫొటోలు చూసి సరిచేసుకున్నాను. పక్క నుంచి తీసిన ఫొటోలో రెండో పక్క కనపడదు కదండీ, అందుకే ఆ చక్రాల సంగతే తెలియలేదు. మిగతావన్నీ..." అని ఆగిపోయింది.

మిగతావన్నీ ఆమె దిద్దిందే ఒప్పు. దైవాధీనం కాగితాలన్నీ మళ్లీ మొదటి నుంచి చూశాడు. ఒక్క డ్రమ్ము గీసిన జ్ఞాపకం కూడా లేదు. అక్షరాలు మాత్రం తనవే. ఎవరో తన చేత్తో రాసి తన జేబులో పెట్టి వెళ్లినట్టుంది. గాయత్రి మంచినీళ్లు తెచ్చిస్తే తాగాడు.

"ట్యాంకుని పడుకోబెట్టండి," అన్నాడు చివరికి. "రేపు పొద్దునకి చక్రాలు మారాలి."

ముగ్గురూ పనిలో పడ్డారు. ఒక అతుకు మీద మంట పెడితే పక్క అతుకు కూడా వదిలేస్తుంది. అందుకని కొండలరావు తడి గుడ్డలు పిండి పక్క చక్రాలకి చుడుతూ వచ్చాడు. గాయత్రి మంట పెట్టి, టంకం కరిగిన క్షణంలో పట్టకారుతో చక్రాన్ని లాగేది. ఆ చోటు గీకి, టంకం పట్టడానికి వెలిగారం పూసి, కొత్త చోట ఆనించేది. స్కేలు పట్టుకుని కొలత చెప్పడం దైవాధీనం పని.

"తప్పుంటే ఇకనుంచి నా మొహం మీదే చెప్పాలి. ఏమ్మా?"

"అలాగేనండీ."

నాలుగో చక్రం దగ్గర స్కేలు ఆనించి, "అర అంగుళం ముందుకి," అన్నాడు.

"తప్పండీ," అంది గాయత్రి మంట మీంచి చూపు తిప్పకుండా. "ముందుకి కాదు, వెనక్కి."

ఆయన కాగితం చూశాడు. వెనక్కే. సిగ్గుపడాల్సిన మాటే గానీ, ఆయనకి ఎందుకో ప్రాణం లేచొచ్చినట్టయింది. ఒక మనిషి తనకి ఎదురు చెప్పి ఎన్నాళ్లయిందో.

"వెనక్కే," అన్నాడు. "కానియ్యి."

*

శనివారం జెనిఫర్ స్కూలుకి సెలవు పెట్టి ఆయన వెంట వచ్చింది. సత్యానందం పదింటికల్లా గుడివాడ నుంచి కారులో దిగాడు. ఇస్త్రీ చొక్కా, జేబుకి రెజిమెంటు బిళ్ల.

"బావా, అదరగొట్టావయ్యా!" అని దైవాధీనం వీపు చరిచి, ట్యాంకు చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. ఫిరంగి గొట్టం కిందికీ పైకీ కదిపి చూశాడు. పైమూత ఎత్తి తను కూర్చునే చోటు ఎంత ఇరుకో జెనిఫర్‌కి చూపించాడు. పేనిన తాడుని వేలితో తడిమి, గాయత్రికి నమస్కారం పెట్టాడు. చైన్లు తొడిగాక దాని మీద ఇసుక రంగూ, పచ్చ రంగూ ఎక్కడెక్కడ పడాలో, ఎక్కి దిగే చోట బూట్ల రాపిడికి ఎలా వెలిసిపోవాలో కొండలరావుకి చెప్పాడు. దైవాధీనం గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

సత్యానందం వంగి పొట్ట కిందకి చూశాడు. అటు వెళ్లి చూశాడు. మళ్లీ ఇటు వచ్చి చూశాడు. ముఖంలో నవ్వు అలాగే ఉంది, కళ్లు మాత్రం మారాయి.

"అంతా బ్రహ్మాండంగా ఉంది బావా. వంక పెట్టడానికి లేదు," అన్నాడు. తర్వాత ఫోన్ చూసుకుంటున్నట్టు అరుగు మీదకి నడిచి, జెనిఫర్‌ని సైగ చేసి పిలిచాడు.

అరుగుకీ గదికీ మధ్య కిటికీ తెరిచే ఉంది.

"ఆ కుడి చక్రాలు చూశావా అమ్మా? వరస తప్పాయి. మీ నాన్నే ఇచ్చుంటాడు కొలత. ఆయనతో ఏమీ అనకు, పాపం. ఆయన్ని పంపించేశాక నేను వీళ్ల చేత సరిచేయిస్తాలే."

తలుపు సందులోంచి దైవాధీనానికి జెనిఫర్ మొహం కనపడింది. అది వాడిపోయింది. చెప్పాలని అడుగు వేసి ఆగిపోయాడు. తను చెబితే ఇప్పుడు ఎవరు నమ్ముతారు? అలాగే బావా, అలాగే బావా అని తల ఊపుతారు.

"వరస తప్పలేదండీ."

గాయత్రి కొంగుకి చేతులు తుడుచుకుంటూ అరుగు మీదకి వెళ్లింది. చంకలో చెప్పుల డబ్బా ఉంది. రిసాల్దార్ అనీ చూడలేదు, పెద్దమనిషి అనీ చూడలేదు. ఆయన్ని అరుగు మీద కూర్చోబెట్టి, పుల్లలు ఆయన చేతికే ఇచ్చి గుచ్చమంది. ఎదురెదురుగా రెండు గుచ్చమంది. ఆయన గుచ్చలేకపోయాడు.

"వరసలో పెట్టిన తప్పు నాదండీ. బాబాయి గారు చూసి పట్టుకున్నారు. నిన్నంతా కూర్చుని మార్పించారు."

సత్యానందం లోపలికి వచ్చి, ఇస్త్రీ ప్యాంటుతోనే మోకాళ్ల మీద కూర్చుని మళ్లీ కిందకి చూశాడు. లేచి దైవాధీనం రెండు చేతులూ పట్టుకున్నాడు.

"పద్దెనిమిదేళ్లు దాని నెత్తిన కూర్చున్నాను బావా. కింద ఏముందో ఒక్కనాడూ చూసిన పాపాన పోలేదు."

జెనిఫర్ నవ్వుతోంది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నా నవ్వుతోంది. "గెలిచావు నాన్నా," అంది. "ఇంక ఆ మాట ఎత్తను. ఒట్టు."

కూతురు అంత తేలిగ్గా నవ్వి నెలలయింది. దైవాధీనం ఆ నవ్వుని కాసేపు చూస్తూ నిలబడ్డాడు. అలాగే ఉండనిస్తే ఎంత బాగుండును అనిపించింది. నిజంగానే అనిపించింది.

"గాయత్రమ్మా, ఆ కవరు ఇలా తీసుకురా."

"ఇప్పుడు వద్దండీ."

"తీసుకురామ్మా."

గాయత్రి తెచ్చి ఇచ్చింది. ఆయన దాన్ని జెనిఫర్ చేతిలో పెట్టాడు. ఆమె నవ్వు మొహంతోనే మొదటి కాగితం తీసింది. రెండోది తీసింది. డ్రమ్ముల బొమ్మలు మూడూ పక్కపక్కన పెట్టి తేదీలు చదివింది. సత్యానందం కిటికీలోంచి వీధిలోకి చూస్తున్నాడు. జెనిఫర్ కాగితాలన్నీ ఒకచోట చేర్చి, ఎవరి కంటా పడకుండా హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టేద్దామని మధ్యకి మడవబోయింది.

"మడత పెట్టకమ్మా," అన్నాడు దైవాధీనం. "డాక్టరు గారికి చూపించాలి."